కళ్లు లేని సిపాయిలు

అంజినప్ప రంగులేసిన సిపాయిలకు కళ్లు లేవు.

మూడు రోజుల్లో నలభై మందిని ముగించాడు. పులిచారల అంగీలు, తలపాగాలు, నడికట్లు, మీసాలు అన్నీ కుదిరాయి. కళ్లు ఉండాల్సిన చోట మాత్రం వట్టి చామనఛాయ.

సూపర్‌వైజరు భువనకు ఒళ్లు మండింది. ఆమెకు కావలసిందే కళ్లు.

హోసూరు చివర రేకుల షెడ్డులో పన్నెండు మంది ఆడవాళ్లు ఈ సీసపు సిపాయిలకు రంగులు వేస్తారు. సిపాయి అంగుళం పొడవుంటాడు. ఇంగ్లండులో పెద్దపెద్ద మగవాళ్లు వీళ్లను బల్ల మీద బారులు తీర్చి యుద్ధాలు ఆడుకుంటారట. మీసాలొచ్చిన వాళ్లకు ఇదేం పోయేకాలమని మొదట్లో అందరూ పడీపడీ నవ్వారు. ఆ ఆటే తమ ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోందని తెలిశాక నవ్వడం మానేశారు.

తొంభై ఎనిమిదిలో దానికీ ఎసరు వచ్చింది. ఇంగ్లండుకు పంపిన సరుకులో రెండు లాట్లు తిరిగొచ్చాయి. రంగులు బాగున్నాయి గానీ, కళ్లు బెదిరిపోయి గుడ్లు మిటకరించినట్టున్నాయని అక్కడ కొనే కంపెనీ వాళ్లు రాశారు. శనివారం పోయే మూడో లాటు కూడా వెనక్కి వస్తే షెడ్డుకు తాళమేనని ఓనరు రామకృష్ణప్ప తెగేసి చెప్పాడు.

ఆ పన్నెండు మందినీ ఇంటింటికీ తిరిగి, మగవాళ్లను ఒప్పించి పనిలోకి తెచ్చింది భువనే. రేపు వాళ్ల మొహాలు చూడాల్సిందీ ఆమే.

ఆ వారమే మంగళవారం నాడు వచ్చాడు అంజినప్ప. అత్తిముగం నుంచి పొద్దుటి బస్సులో దిగాడు. అరవై దాటిన మనిషి, మాసిన పంచె, చంకలో గుడ్డసంచి. ఈడ బొమ్మలకు రంగులేసే పని ఉందని విని వచ్చినానన్నాడు.

గతిలేక ఒప్పుకుంది భువన. ఇంగ్లండు కంపెనీ పంపిన శాంపిల్ సిపాయిని దూదిలోంచి తీసి చూపించింది. వాడి కళ్లలో ప్రాణముంది. ఎటు తిప్పినా మనల్నే చూస్తాడు. ఆరు నెలలుగా వాడిని చూసే వేస్తున్నా ఒక్కరికీ ఆ చూపు చేతికి రాలేదు.

అంజినప్ప దాన్ని చాలాసేపు చూశాడు.

"ఎడమ భుజం మీద నీడ కొంచెం ఎక్కువైందమ్మా."

భువనకు చిర్రెత్తింది.

"దొరలు పంపినదానికే వంకలు పెడతావేమప్పా? దాన్ని చూసి నేర్చుకో, చాలు."

ఆయన సరేనని తలూపాడు. ఆ తర్వాత శాంపిల్ వైపు తల తిప్పితే ఒట్టు. ముసలాయనకు పొగరు కూడానా అనుకుంది భువన.

ఇప్పుడు గురువారం సాయంత్రం చూస్తే ఇదీ వరస.

"కండ్లు యాడప్పా?"

"కండ్లు కడాకు పెట్టాలమ్మా. దండు అంటే అరవై మంది. అందరికీ ఒళ్లు ముగియాల. ఆమీద ఒక పొద్దున, పరగడుపున కూర్చోని, లేవకుండా అందరికీ తెరవాల. దేవుని బొమ్మలకు మా తాత అట్లే చేసినాడు, నేనూ అట్లే చేసినాను."

ఒక్కడికి పెట్టి చూపించమని అడిగింది భువన. చూస్తే తన ప్రాణం కుదుటపడుతుందని కూడా చెప్పింది.

"ఒక్కడికి తెరిస్తే వాడు ఒంటిగా బెదిరిపోతాడమ్మా. ఆదివారం పొద్దునకి అందరికీ తెరుస్తాను."

"లాటు పోయేది శనివారం."

ఆయన ఇంకో సిపాయిని చేతిలోకి తీసుకున్నాడు.

కళ్లు పెట్టడం చేతకాక ఆచారాన్ని అడ్డం పెట్టుకుంటున్నాడని భువన తేల్చేసుకుంది. రేపటి నుంచి రావొద్దని చెప్పింది. చెబుతుంటే ఆమెకూ బాధేసింది. కానీ ఒకరి మీద జాలిపడి పన్నెండు మందిని రోడ్డున పడెయ్యడమెలా?

అంజినప్ప బతిమాలలేదు. కుంచె కడిగి, వేళ్లతో మొన తీర్చి, బల్ల మీద పెట్టాడు.

"కండ్ల కాడ మాత్రం తొందర పడొద్దమ్మా," అని వెళ్లిపోయాడు.

శుక్రవారం ఆడవాళ్లే మిగిలిన ఇరవై మందికీ రంగులు వేసి, ఆ నలభై మందినీ తలా కొందరిని పంచుకుని కళ్లు పెట్టేశారు. శనివారం పార్సిల్ పోయింది.

రెండు నెలలకు, అత్తిముగం నుంచి పనికి వచ్చే పిల్లమ్మ ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. అంజినప్ప జ్వరమొచ్చి పోయినాడని, చావింటికి పోయి వస్తున్నానని చెప్పింది. భువన అయ్యో పాపం అంది. టీ తాగి మళ్లీ పనిలో పడింది.

ఆ వారంలోనే పార్సిల్ తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక ఉత్తరం.

రామకృష్ణప్ప తాళంతోనే వచ్చాడు. ఉత్తరం ఇంగ్లీషులో చదువుకుని తెలుగులో చెప్పాడు. ఆర్డరు రద్దు. ఆడవాళ్లు క్యారియర్లు సంచుల్లో సర్దుకున్నారు. పిల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భువన ఎవరి మొహమూ చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది.

ఇంకో ముక్క ఉందని, అది తనకు అర్థం కాలేదని, రామకృష్ణప్ప మిగిలింది కూడా చదివాడు.

"నలభై బొమ్మల కళ్లు ఎవరో పాడుచేశారు గానీ, ఒంటి మీద రంగు ఎవరిదో మేం గుర్తుపట్టాం, మీకు పంపిన శాంపిల్‌ను బెంగళూరు వర్క్‌షాపులో మా కోసం వేసి, అది మూతపడ్డాక కనపడకుండా పోయిన అంజినప్పే ఆయన, ఆయన మీ దగ్గరుంటే ఆర్డరు మళ్లీ మీదే, కళ్లు తెరవడానికి ఎన్నాళ్లు అడిగినా ఇదివరకటిలాగే ఆగుతాం."