మక్కచేను కావలి

"తుపాకి లైసెన్సు ఉత్తగనే రాదన్నా. ఠాణా, దవాఖాన సర్టిఫికెట్, వరంగల్ల ఆఫీసులు... చెప్పులరుగుతయి. జర ఆలోచించు," అన్నాడు సదానందం, మంచె కింద బండి ఆపి.

"అరగనీ. అడవిపందులు మక్కచేనంత ఆగం చేస్తానయి," అన్నాడు మంచె మీది కృపానందం.

రోజూ పొద్దుగూకగానే ఆలుమగలిద్దరూ మంచె ఎక్కుతారు. ఆయన రేకుడబ్బా వాయిస్తాడు. లిదియా చర్చి పాటలు గొంతెత్తి పాడుతుంది. ఆ గొంతుకే పందులు పరుగు.

"తుపాకి వస్తే నువ్వు ఇంటికాడ నిమ్మలంగ ఉండచ్చు," అన్నాడు భార్యతో.

"మరి పాటలో?"

"చర్చిల పాడుకో."

"ఆడ నన్నెక్కడ పాడనిస్తరు? నా గొంతు కలిస్తే రాగం చెడుతదట. పెదాలు కదిలిస్తే చాలన్నరు. ఎన్నేండ్ల సందో పెదాలే కదిలిస్తాన," అంది లిదియా నవ్వుతూ.

కృపానందం డబ్బా పక్కన పెట్టాడు. చర్చిలో ఆడవాళ్లు అటు, మగవాళ్లు ఇటు కూర్చుంటారు. అటునుంచి వచ్చే పాటలో ఆమె గొంతు కూడా ఉందనే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ.

ఇంతలో చేను గలగలమంది. లిదియా పాట అందుకుంది. పందులు పొదలు విరుచుకుంటూ పారిపోయాయి.

"మరి రేపు ఠాణాకు పోదామా అన్నా?" కింద నుంచి అడిగాడు సదానందం.

"ఎవడు తిరుగుతడు తియ్యి!"

"పోయినయి," అంటూ లిదియా పాట ఆపింది. చేనులో ఆకు కూడా కదలడం లేదు.

"యాడ పోయినయి? అక్కడనే ఉన్నయి," అన్నాడు కృపానందం. "ఇంకో పాట అందుకో."