దాహం ఎరగని మొక్క

“నువ్వు కాకపోతే ఇంకెవరు పోశారు, పెద్దమ్మా?”

గ్రీన్‌హౌస్ ఊడ్చే పెద్దమ్మ చీపురు గోడకు ఆనించింది. “కన్నబిడ్డల మీద ఒట్టు. పోయొద్దన్నావు, చుక్క పోయలేదు.”

పరిశోధకురాలు నమ్మలేదు. ప్రయోగం కోసం నీళ్లు మాన్పించిన మిరప మొక్కలన్నీ మాడిపోతే, తలుపు పక్క కుండీలోది ఒక్కటే పచ్చగా నిలబడింది. కరువును తట్టుకునే మిరప దొరికిందని ఆమె పొంగిపోయింది. ఆకులు తుంచి, అక్కడికక్కడే గడ్డకట్టించి, ఏ జన్యువులు పనిచేస్తున్నాయో తేల్చే పరీక్షకు పంపింది. ఈ ఉదయం ఫలితం వచ్చింది. నీళ్లు కరువైతే మేలుకోవలసిన జన్యువులన్నీ హాయిగా నిద్రపోతున్నాయి. ఆ మొక్కకు దాహమంటేనే తెలియదు.

డైరెక్టరుగారు ప్రాజెక్టు మూసేస్తున్నామని చెప్పి, నీళ్లు పోసిందెవరో తేల్చమన్నారు. తాళంచెవి ఉన్నది తామిద్దరి దగ్గరే. ఆ ఇద్దరిలో మొక్కల్ని ‘తల్లీ’ అని పిలిచేదీ, వాడిన ఆకుల్ని చూసి ముక్కు చీదేదీ పెద్దమ్మే.

“జాలిపడ్డానని ఒప్పుకో. నేను సర్దిచెబుతాను.”

“జాలిపడ్డాను. ఏడ్చాను కూడా. నా కన్నీళ్లు తాగి బతికిందని రాసుకో. ఈ పని పోతే మంచాన పడ్డ మా ఆయనకి ఏం పెట్టమంటావో అదీ రాసుకో.”

ఇంతలో పరిశోధకురాలికి అత్తగారి ఫోను. రోజూ అడిగేదే.

“నీళ్లు తాగుతున్నావా? సీసా ఖాళీగా తేవాలి. నిన్న ల్యాబు చెప్పులతోనే ఇంటికొచ్చేశావు, ఎక్కడుంటుందే నీ ధ్యాస?”

“తాగుతున్నా అత్తయ్యా,” అని పెట్టేసింది. ఆ రోజు ఒక్క గుక్కే తాగింది.

మధ్యాహ్నం డైరెక్టరుగారికి పెద్దమ్మ పేరే చెప్పింది. పెద్దమ్మ తాళంచెవి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర ఆగి, పచ్చటి మొక్కను ఒకసారి నిమిరింది.

“దీనికి నోరుంటే బాగుండేది,” అని వెళ్లిపోయింది.

సాయంత్రం పరిశోధకురాలు దీపాలార్పింది. మాడిన మొక్కల మధ్య, ఊడ్చకుండా మిగిలిన ఆకుల మీద కాసేపు నిలబడింది. ఏడుపు కూడా రాలేదు. సంచీ భుజాన వేసుకుని, తాళం చేతిలోకి తీసుకుంది.

రోజూలాగే, సీసాలో మిగిలిన నీళ్లు తలుపు పక్క కుండీలో వంచేసింది.