మొక్కిననాటి బరువు

బ్యాంకాక్‌లో మిషన్ పెట్టి కొవ్వు కరిగించడం చవకైనప్పటి నుంచి మా వరంగల్ ఆడవాళ్ళు ఏటా విమానమెక్కుతున్నారు. మేడారంలో ఒంటి బరువుకు తూచి తల్లికిచ్చే నిలువెత్తు బెల్లం కుప్పలు జాతర జాతరకూ చిన్నవవుతున్నాయి.

నా మనుమరాలికి జ్వరమొచ్చి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పిల్ల బతికితే తన ఒంటి బరువంత బెల్లం తల్లికి ఇస్తానని నా కోడలు రచన మొక్కింది. పాప బతికింది. రచన మాత్రం ముందుగా బ్యాంకాక్ వెళ్ళి, సగమై వచ్చి తక్కెడలో కూర్చుంది.

"తల్లినే మోసం జేస్తవా? రేపు పిల్లకేమన్న అయితే?"

"ఇప్పుడున్న బరువే గద అత్తమ్మా ఇచ్చేది! మీకు కుళ్ళు. టికెట్ తీస్తనంటే రాకపోతిరి."

"మొక్కింది ఈ ఒళ్ళు కాదు, సిగ్గులేనిదానా."

ఆమె దిగలేదు. నేను చెప్పులు విడిచి ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చున్నాను.

"ఇగ తూకమెయ్యి బిడ్డా," అన్నాను బెల్లం వ్యాపారితో. "ఇప్పుడు సరిపోతది."