పుస్తకంలో ఉన్న జవాబు

"చదవండి గకూబా గారూ. తర్వాతి ప్రశ్న మీదే," అంది రువాండా రాజధాని కిగాలి నుంచి ఆ ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ.

పెద్దవాళ్ల ఇంగ్లీషు తరగతి అది. ఇద్దరికొక పుస్తకం. గకూబా పక్కన ముకందోరిని కూర్చోబెట్టింది టీచరమ్మే. మారణకాండ రోజుల్లో ముకందోరి భర్తను చంపి గకూబా పద్నాలుగేళ్లు జైల్లో ఉండొచ్చాడని ఆవిడకెవరూ చెప్పలేదు.

పుస్తకంలో "హౌ ఈజ్ యువర్ హస్బెండ్?" అని ఉంది.

"నావల్ల కాదు వదినా," అన్నాడు గకూబా, గొంతు తగ్గించి.

"పాఠమేగా. అడుగు."

అడిగాడు.

"హి ఈజ్ ఫైన్, థాంక్యూ," అంది ముకందోరి, పుస్తకం చూడకుండానే. అతని వైపు తిరిగింది.

"మళ్లీ అడుగు గకూబా. ఇన్నేళ్లలో మా ఆయనెలా ఉన్నాడని నన్నడిగినవాళ్లే లేరు."