తీపి తగ్గిన బీరు

కోడలు ఇంట్లో సారా కాస్తోందని ఎదురింటావిడ వీధంతా టముకు వేస్తోందట. ఆ కబురు మోసుకొచ్చిన ఆడపడుచే లోపల్నుంచి సీసా తెచ్చిచ్చి, అందరికంటే ముందు గ్లాసు చాపింది.

"సారా కాదు తల్లీ, పుల్లబీరు. దానిమ్మ రసం కలిపాను," అంటూ కోడలు మూత తీసింది. సీసా బుస్సుమంది. ఎర్రటి నురగ ఆమె మోచేతిదాకా కారింది.

మామగారు గుక్కెడు చప్పరించారు. "పోయినవారం మరీ పాకంలా ఉందమ్మా. ఇవాళ తీపి చచ్చింది. భలే కుదిరింది!"

కోడలు గబుక్కున రుచి చూసింది. పులుపు తప్ప తీపి జాడే లేదు. సీసా గోరువెచ్చగా ఉందని అప్పుడు తెలిసింది.

"ఇది ఫ్రిజ్‌లోది కాదా?"

"పాలకి చోటు లేక అన్నీ నాలుగు రోజుల కిందటే తీసేశా," అంది ఆడపడుచు.

"అయ్యో! చల్లగా లేకపోతే లోపలి ఈస్టు తీపంతా తినేసి గాలి పుట్టిస్తుంది. సీసాలు బాంబుల్లా పేలతాయి!"

మామగారు గ్లాసు దూరంగా పెట్టేశారు. ఆ సంగతి తెలిస్తే ఇంట్లో బీరు కాయనివ్వరని, కోడలు ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

"మిగతా పదకొండు సీసాలూ ఎక్కడ?" అంది కోడలు లేస్తూ.

"పాప పడుకున్న మంచం కింద. ఫ్రిజ్‌లోంచి తీయొద్దన్నావు గానీ, తీస్తే పేలతాయని ఒక్కసారైనా చెప్పావా వదినా?"