గిటారు లోపలి చీటీ

వెనక చెక్క అంటించేశాక గిటారు లోపలి మూలలు ఎవరికీ కనబడవు. అందుకే అంటించే ముందు, చేయించుకునేవాళ్లని ఇంటి వెనక షెడ్డుకి పిలిచి, లోపల ఏమైనా రాయించుకుంటారా అని అడుగుతాను.

ఈసారి వచ్చిన పళ్ల డాక్టరు జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. 'పోయిన నా భార్య జ్ఞాపకార్థం' అని ఉంది.

"తేదీ కూడా వెయ్యనా, డాక్టరుగారూ?"

"తేదీ వద్దులెండి."

ఆ పూట అన్నం సహించలేదు. సంగతి చెబితే, "మొగుడంటే అలా ఉండాలి," అని మా ఆవిడ నావంక అదోలా చూసింది.

చీటీ అంటించాను. చెక్క మూసేశాను. వార్నిష్ పూశాను.

ఇవాళ పొద్దున ఒకావిడ షెడ్డు గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"పళ్ల డాక్టరుగారి భార్యనండి. ఆయనకి చెప్పకుండా వచ్చాను. గిటారు ఎప్పటికవుతుంది?"

కూర్చోమని స్టూలు జరిపాను.

"అది చేతికొచ్చిన మర్నాడే నన్ను పడవలో సముద్రం మీదికి తీసుకెళ్తానన్నారు. మేమిద్దరమే. పెళ్లయిన ఇరవయ్యేళ్లకి ఇదే మొదటిసారి," అని సిగ్గుపడింది.

వార్నిష్ మీద వేలు పెట్టి చూశాను. అది ఆరిపోయి వారమైంది.

"ఇంకా పచ్చిగానే ఉందమ్మా," అన్నాను.