గడప రంగు

"ఇంగ శుక్రారం శుక్రారం నడుం వంచే పని లేదత్తా," అంది కోడలు శ్వేత. ఆదోనిలో కొన్న పసుప్పచ్చ పెయింటు గడపకు పూసి, బొట్లు కూడా ఎర్ర రంగుతోనే పెట్టేసింది.

లింగమ్మకు మనసొప్పలేదు. "పసుపు పూయకుంటే లచ్చిమి ఇంట్లోకి వస్తాదా?"

"పచ్చగుంటే సాలదా? ఆమె గీకి సూస్తాదా ఏంది?"

తెల్లారి లింగమ్మ టీకని బెల్లం డబ్బా తీస్తే నిండా చీమలు. ఆ బారు మెరిసే గడప మీంచే వస్తోంది. పసుపున్నన్నాళ్లూ ఒక్కటీ దాటలేదు.

"ఏమత్తా, అట్లే నిలబడితివి?"

"పెండ్లయి వచ్చినప్పటినుంచి పసుపు పూస్తాండా, లచ్చిమి రానే లేదు. నీ రంగుకు సీమలన్నా వచ్చినాయి."

లింగమ్మ పసుపు డబ్బా అందుకుంది.

"మళ్లా లచ్చిమి కోసరమా?"

"ఆమె ఇష్టం ఆమెది. సీమలు రాకుంటే సాలు."